నర్ది కొయ్య కీబోర్డు

జనవరి మూడో వారంలో మాలకొండమ్మకు కంప్యూటరు ముందు కూర్చోవడానికి దొరికింది మొత్తం పదకొండు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు యంత్రం తెరుచుకోవడానికే పోయాయి. మిగిలిన తొమ్మిదిలో తన పేరు ఇంగ్లీషులో ఆరుసార్లు కొట్టింది. సారా టీచరు ఇచ్చిన పేరాలో నాలుగు వరుసలు కొట్టింది. ఐదో వరుస మధ్యలో ఉండగా వెనక నిలబడిన పిల్ల భుజం తట్టి, "లెయ్, నా టైమొచ్చినాది," అంది.

లేచింది గానీ ఆమె వేళ్లు మాత్రం ఆగలేదు. వరండాలో నడుస్తుంటే తొడ మీద, లెక్కల పీరియడ్‌లో బల్ల అంచు మీద, మధ్యాహ్నం అన్నం వరుసలో నిలబడి కంచం అడుగున కొడుతూనే ఉన్నాయి. ముందు నిలబడిన కరుణశ్రీ వెనక్కి తిరగకుండానే, "ఆ దరువు ఆపవే. పీర్ల పండగనుకోని జనం వచ్చేస్తారు," అంది.

ఉదయగిరిలోని ఆ బడిలో తొమ్మిది, పది తరగతులకు ఐటీ ఒక వృత్తివిద్యా సబ్జెక్టు. పదో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది అమ్మాయిలు, ల్యాబులో పది కంప్యూటర్లు. పదిలో నడిచేవి ఆరు. వారానికి ఒక్కసారే ల్యాబు. పండగ సెలవుల నుంచి పద్నాలుగు మంది ఇంకా తిరిగి రాలేదు కాబట్టి ఆ వారం మనిషికి పదకొండు నిమిషాలు వచ్చాయి. అందరూ వస్తే ఏడే.

తొమ్మిదిలో చేరినప్పుడు రెండు సబ్జెక్టులు ముందుపెట్టి ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి ఐటీ, ఇంకొకటి కుట్టుపని. మాలకొండమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుట్టుపని అంటే కూర్చున్నచోటే తలవంచుకుని పనిచేయడం. అది ఇంట్లో ఎలాగూ ఉంది. ఆమె తాత మస్తానయ్య యాభై ఏళ్లుగా కొయ్యతో చెంచాలు, ఫోర్కులు చెక్కుతున్నాడు. కొండల్లో దొరికే నర్ది కొయ్య తెచ్చి, ఎండబెట్టి, బాడిశతో ఆకారం తీసి, ఉలితో పని పూర్తిచేస్తాడు. తల్లి శీనమ్మ వాటిని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తుంది. తండ్రి జనార్దనయ్య సంవత్సరంలో సగం రోజులు గొర్రెల వెంట ఉంటాడు. బడి నుంచి రాగానే నలభై చెంచాలు రుద్దడం మాలకొండమ్మ వంతు. ఇరవై రుద్దేసరికి ఆమె లేచి ఒకసారి వీధిలోకి పోయి వస్తుంది. ముప్ఫైకి మళ్లీ లేస్తుంది.

"కింద చీమలేమన్నా ఉండాయా?" అనేది శీనమ్మ. "ఒకచోట కూర్చోవే."

"కూర్చోనే ఉండాను గదమ్మా."

"నువ్వు కూర్చునేది గూడా పరిగెత్తతా ఉన్నట్టే ఉండాది."

జనవరి మొదట్లో సారా టీచరు తరగతిలో ఒక సంగతి చెప్పింది. ఆత్మకూరులో ఒక డేటా ఎంట్రీ ఆఫీసు ఉంది. పాత కాగితాల్లో ఉన్నది చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పని. మే నెలంతా వృత్తివిద్య పిల్లలకు అక్కడ పని నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. బాగా చేసినవాళ్లను ఇంటరు చదువుకుంటూ సెలవుల్లో వచ్చి పనిచేయమంటారు. అందుకు ఫిబ్రవరి రెండో శనివారం పరీక్ష. పది నిమిషాలు టైపు చేయాలి. నిమిషానికి ఇరవై ఐదు మాటలకు తగ్గకూడదు, మొత్తం మీద తప్పులు ఐదుకు మించకూడదు.

మాలకొండమ్మ ఆ సాయంత్రమే తల్లి దగ్గర ఆ సంగతి ఎత్తింది. ఆత్మకూరులో పిన్ని ఉంది, ఆమె ఇంట్లో ఉండి ఇంటరు చదువుతానంది. శీనమ్మ చేతిలోని చెంచా మీద నుంచి చూపు తిప్పకుండా చాలాసేపు రుద్ది, చివరికి తేల్చింది.

"ఆ ఆఫీసోళ్లు నిన్ను తీసుకుంటే పంపిస్తా. తీసుకోకుంటే ఈడ్నే కాలేజీ. పొద్దన, సాయంత్రం చెంచాలు. మళ్లా నన్ను అడగొద్దు."

అందులో అన్యాయం ఏమీ కనిపించలేదు మాలకొండమ్మకు. ఇరవై ఐదు మాటలు, ఐదు తప్పులు. అంతే కదా అనుకుంది.

ఆ పదకొండు నిమిషాల వారం తర్వాత ల్యాబు మూతపడింది. కరెంటు ఒక్కసారిగా ఎక్కువై స్టెబిలైజరు కాలిపోయింది. నెల్లూరు నుంచి మెకానిక్కు రావాలన్నారు. వస్తాడన్నారు. సారా టీచరు మూడు సోమవారాలు ఫోన్ చేసింది, మూడుసార్లూ ఆ మనిషి దారిలోనే ఉన్నాడు. ఈలోగా ఆమె కీబోర్డు బొమ్మను అసలు కొలతకే జెరాక్స్ తీయించి, పరీక్షకు పేరిచ్చిన నలుగురికీ తలా ఒకటి పంచింది. దాన్ని అట్టకు అంటించుకుని ఇంట్లో సాధన చేయమంది. ఏ వేలు ఏ మీటకు పోవాలో అందులో రాసి ఉంది. చూపుడు వేళ్లు రెండూ ఎఫ్ మీద, జె మీద ఉంచాలి. కళ్లు కాగితం మీద ఉండాలి, వేళ్ల మీద కాదు.

కరుణశ్రీ తన అట్టను బుద్ధిగా వాడుకుంది. మాలకొండమ్మ అట్ట నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఆమె కొట్టే తీరుకు ముందు ఇ చినిగింది, తర్వాత టి, ఆ తర్వాత నడిమి వరుసంతా పొరలు పొరలుగా లేచింది. అరుగు మీద కొయ్య చెక్కుతున్న మస్తానయ్య అదంతా చూస్తూనే ఉన్నాడు.

"ఏంది పాపా, అట్టను పట్టుకోని కొడతా ఉండావు?"

"కంప్యూటర్ తాతా."

"ఇదా కంప్యూటరు?"

"దాని మీటలు. బళ్లో అది ఆగిపోయినాది. పరీక్ష ఉండాది గదా, వేళ్లకు అలవాటు కావాల."

మస్తానయ్య చినిగిన అట్టను వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇది నీ చేతికి ఆగేది కాదు. కొయ్యతో చేసిస్తాలే," అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. చెంచా పిడి మీద తీగనూ నెమలినీ చెక్కినట్టే ఆ అక్షరాలనూ చెక్కాడు. అడుగు పొడుగు పలక మీద మూడు వరుసలు, వరుసకు పది మీటలు, కింద పొడుగ్గా ఒక పట్టీ. మీట మీట వేలికి తగిలేట్టు కొద్దిగా పైకి లేచి ఉంది. ఎఫ్, జె మీద చిన్న బొడిపెలు ఉంటాయని మనవరాలు చెబితే ఆవగింజంత ఇత్తడి మేకులు దిగ్గొట్టాడు. పని మధ్యలో ఒకసారి జెరాక్సు కాగితం మీద స్కేలు పెట్టి, నాలుక చప్పరించి, పెన్సిలుతో వేరే గీతలు గీసుకోవడం మాలకొండమ్మ చూసింది. ఆయన ఏ పనికైనా అలాగే గీసుకుంటాడు కాబట్టి పట్టించుకోలేదు.

మూడో రోజుకు పలక తయారైంది. పక్కింటి మునెయ్య దాన్ని రెండు చేతులా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. నిలువుగా చూసినా అడ్డంగా చూసినా దారం పట్టి కట్టినట్టు ఉంది. "వెంట్రుకవాసి తేడా లేదు మామా," అన్నాడు. బళ్లో సారా టీచరు దాన్ని తరగతంతా తిప్పింది. అందరూ తడిమి చూశారు. జెరాక్సు పక్కన పెట్టి చూడాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి ఆ వీధికి టకటక మొదలైంది. బడికి పోయే ముందు గంట, వచ్చాక గంట. చెంచాల వంతు మాలకొండమ్మ ఎప్పుడు ముగిస్తోందో శీనమ్మకు అర్థమయ్యేది కాదు. అంత తొందరగా ముగించి పలక ముందు కూర్చునేది. కరుణశ్రీ వచ్చి ఇంగ్లీషు వాచకం చదివిపెట్టేది. చదువుతూనే తన అట్ట మోకాళ్ల మీద పెట్టుకుని తనూ మెల్లగా కొట్టుకునేది. ఫోన్లో నిమిషం చూసేది.

"ఎన్ని?"

"ఇరవై ఎనిమిది."

"మళ్లా చదువు."

"నాకు గొంతు ఎండిపోయినాది."

"నీళ్లు తాగి చదువు."

ఫిబ్రవరి రెండో వారానికి ఆమె కళ్లు మూసుకుని నిమిషానికి ముప్ఫై రెండు మాటలు కొట్టింది. కొయ్య మీద మాటలు లెక్కపెట్టవచ్చు. తప్పులు లెక్కపెట్టలేం. ఏ మీట నొక్కినా కొయ్య ఒకే చప్పుడు చేస్తుంది.

పరీక్షకు రెండు రోజుల ముందు, గురువారం ఉదయం మెకానిక్కు వచ్చాడు. పదకొండున్నరకు ల్యాబు తెరిచారు. నలుగురూ ముందు కూర్చోండని సారా టీచరు మిగతా పిల్లలను బయట ఆపింది. మాలకొండమ్మ కుర్చీ లాక్కుని, ఎఫ్ మీద, జె మీద బొడిపెలు వెతుక్కుని, కళ్లు మూసుకుని తన పేరు కొట్టింది. కళ్లు తెరిచి చూస్తే తెర మీద ఉన్నది ఆమె పేరు కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘నాలకొబ్డన్న’ అని ఉంది.

మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

"టీచర్, ఈ కీబోర్డు పాడైనాది."

పక్క యంత్రానికి మారింది. అక్కడా నాలకొబ్డన్నే. మూడో దానికి మారింది, అక్కడా అంతే. కరుణశ్రీ తన సీటులో నుంచి చూసి, "ఎవరే ఆ అన్న?" అంది. మాలకొండమ్మ నవ్వలేదు. పేరా కొట్టింది, వేగం ముప్ఫై ఒకటి వచ్చింది, తప్పులు చూస్తే లెక్కకు మించి ఉన్నాయి. వీ అనుకుని నొక్కితే సీ పడుతోంది. ఒక్కోసారి సరిగ్గా పడుతోంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

సారా టీచరు ఆ పేజీని ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో తప్పులకు సున్నాలు చుట్టుకుంటూ పోయింది. సగం పేజీ అయ్యాక ఆగింది.

"నీ తప్పులన్నీ కింది వరుసవే. పై వరుసలో ఒకటో రెండో ఉండాయి. నడిమి వరుసలో ఒక్కటీ లేదు. మీ తాత చేసిన పలక యాడుండాది?"

సంచిలోనే ఉంది. సారా టీచరు కరుణశ్రీ అట్ట తీసుకుని పలక పక్కన పెట్టింది. ఇక ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. అట్ట మీద మూడు వరుసలూ ఒకదాని కింద ఒకటి తిన్నగా లేవు. మెట్లలాగా పక్కకు జరిగి ఉన్నాయి. పలక మీద తిన్నగా ఉన్నాయి. కొయ్య మీద జె కింద సరిగ్గా ఎమ్ ఉంది. అసలు కీబోర్డు మీద జె కింద సరిగ్గా ఏ మీటా లేదు. ఎన్‌కూ ఎమ్‌కూ మధ్య సందు ఉంది. మాలకొండమ్మ చూపుడు వేలు పదిహేడు రోజులుగా ఆ సందులోకి దిగడం నేర్చుకుంది.

ఆ సాయంత్రం బస్సు ఎక్కేలోపు సారా టీచరు పలకా, కరుణశ్రీ అట్టా పట్టుకుని వాళ్లింటికి వచ్చింది. ఆమె ఉండేది ఆత్మకూరులో. ఐదూ ఇరవై బస్సు తప్పితే మళ్లీ ఏడింటికే. నిలబడే మాట్లాడింది.

"పెద్దాయనా, కాగితం మీద ఉన్నట్టు చెయ్యలేదే?"

"అట్టనే చేసినాను గదమ్మా."

"వరుసలు పక్కకు జరిగి ఉండాయి చూడు ఇందులో."

మస్తానయ్య అట్ట వైపు చూడను కూడా చూడలేదు. "చూసినాను. జెరాక్సులో కాగితం వంకర పోయుంటాదనుకున్నా. నేను సరిచేసినా."

"అది వంకర కాదు. ఉండడమే అట్టా ఉంటాది."

"అట్టెందుకుంటాది? ఫోర్కు పళ్లు ఒకటి పక్కకు పోతే సరుకు వెనక్కి కొడతారు నాకు."

సారా టీచరు గడియారం చూసుకుంటూ చెప్పింది. పూర్వం టైపు మిషన్లలో ప్రతి మీట కింద ఒక ఇనుప కడ్డీ ఉండేది. కడ్డీలన్నీ ఒకదాని పక్క నుంచి ఒకటి పోవాలి కాబట్టి వరుసలను కొంచెం కొంచెం జరిపారు.

"ఇప్పుడుండాయా ఆ కడ్డీలు?"

"లేవు."

"మరి ఇంకా వంకరెందుకు?"

"అందరి చేతులకూ అదే అలవాటైపోయినాది పెద్దాయనా. పాపకు ఎల్లుండే పరీక్ష."

మస్తానయ్య మనవరాలి వైపు చూశాడు. ఆమె గడప దగ్గర నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతోంది. ఆయన తప్పయిందనలేదు. "ఎంత జరపాల?" అని అడిగాడు.

పై వరుస పావు మీట ఎడమకు, కింది వరుస అర మీట కుడికి. సారా టీచరు స్కేలుతో కొలిచి పలక మీదే పెన్నుతో గుర్తులు పెట్టి బస్సుకు పరుగెత్తింది. మస్తానయ్య రంపం తీశాడు. తాను ఉలితో మూడు రోజులు కూర్చుని చేసిన పలకను నిలబడి నాలుగు ముక్కలుగా కోశాడు. వరుసలను జరిపి, వెనక ఒక బద్ద పెట్టి కొయ్య మేకులతో బిగించాడు. అంచులు ఎగుడుదిగుడుగా మిగిలాయి. వాటిని నునుపు చేయబోతే మాలకొండమ్మ ఆగలేదు.

"చాల్లే తాతా, ఇయ్యి."

"చేత్తో పట్టుకుంటే గీసుకుంటాది."

"గీసుకోనీ."

శుక్రవారమంతా కొట్టింది. బళ్లో పదకొండు నిమిషాలే దొరికాయి, మిగతాదంతా పలక మీద. కరుణశ్రీ మాటలు చదవడం మానేసి కింది వరుస అక్షరాలు మాత్రమే మళ్లీ మళ్లీ చెప్పింది. పదిహేడు రోజుల అలవాటు ఒక్క రోజులో వదలలేదు. మెల్లగా కొడితే వేలు సరైన చోటికి పోతోంది; వేగం పెంచగానే పాత సందులోకి జారుతోంది. సాయంత్రానికి మాలకొండమ్మ అన్నం ముద్ద చేత్తో పట్టుకుని బొటనవేలితో నాలుగు వేళ్లనూ లెక్కపెట్టుకుంటుంటే శీనమ్మ కంచం పక్కకు జరిపి, "తిను ముందు," అంది. కొంచెంసేపటికి, "రేపు శనివారం. నువ్వు పుట్టిన వారమే. నీకు పేరు పెట్టుకున్న మాలకొండ సామి ఉండాడు," అంది.

"సామికి టైపింగొచ్చా?"

"నోరు ముయ్యి."

శనివారం పొద్దున ఆరూ పది బస్సుకు నలుగురూ బయల్దేరారు. దుత్తలూరు దాటేదాకా మాలకొండమ్మ ముందు సీటు వీపు మీద కొడుతూనే ఉంది. ఆ సీటులో కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "నా వీపు నొక్కతా ఉండావా ఏంది పాపా?" అంది. కరుణశ్రీ కిటికీలోకి ముఖం తిప్పుకుని నవ్వింది. మాలకొండమ్మ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు ఆగగలిగింది.

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లోనే, ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఆఫీసు. సారా టీచరు మెట్ల దగ్గర ఎదురుచూస్తోంది. పరీక్ష పెట్టే చంద్రమోహన్ యాభై దాటిన మనిషి. మెడలో కళ్లజోడు తాడు, చేతిలో స్టాప్‌వాచ్. వివిధ బళ్ల నుంచి పంతొమ్మిది మంది వచ్చారు. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు ఇస్తాననీ, రెండింట్లో మెరుగైనది తీసుకుంటాననీ చెప్పాడు.

మొదటిసారి మాలకొండమ్మ వేళ్లను ఆపలేకపోయింది. గంట మోగగానే పరుగెత్తాయి. ఏదో తప్పు పోతోందని తెలుస్తూనే ఉంది, వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు. చంద్రమోహన్ ఫలితం చదివాడు: "ముప్ఫై మాటలు, తప్పులు నలభై ఒకటి." కళ్లజోడు పైనుంచి చూసి, "ఎవరు తరుముతా ఉండారమ్మా నిన్ను?" అన్నాడు. గదిలో కొందరు నవ్వారు.

రెండోసారికి ముందు పావుగంట విరామం. అందరూ నీళ్లకు పోయారు. మాలకొండమ్మ సంచిలో నుంచి ఆ ఎగుడుదిగుడు పలక తీసి, మెట్ల మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. పై వరుస, నడిమి వరుస ముట్టుకోలేదు. కింది వరుస ఒక్కటే, ఒక్కో మీట, మెల్లగా. సిగరెట్టుకు బయటికి వచ్చిన చంద్రమోహన్ ఆగి చూశాడు.

"ఏందది?"

"కీబోర్డు సార్. మా తాత చేసినాడు."

ఆయన వంగి అంచు మీద వేలు పెట్టి చూసి, చెక్క ముల్లు గుచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కిందికి దిగిపోయాడు.

రెండోసారి గంట మోగాక ఆమె పేరాలో మొదటి వరుస దాటేసరికే పక్క పిల్ల మూడో వరుసలో ఉంది. వేళ్లు పోదాం పోదాం అంటున్నాయి. కింది వరుస మీట వచ్చిన ప్రతిసారీ వాటిని ఆపి, అర మీట కుడికి జరిపి నొక్కింది. ఎమ్ వచ్చింది, ఎమ్ పడింది. వీ వచ్చింది, వీ పడింది. ఆరో నిమిషానికి కొంచెం కుదురుకుని వేగం పెంచింది. పెంచగానే రెండు తప్పులు పడ్డాయి, మళ్లీ తగ్గించింది. గంట మోగినప్పుడు ఆమె ఒక మాట మధ్యలో ఉంది.

పన్నెండు గంటలకు చంద్రమోహన్ కాగితం చూసి చదివాడు. మేలో రావాల్సినవాళ్లు ఏడుగురు. కరుణశ్రీ, ఇరవై ఆరు మాటలు, మూడు తప్పులు. ఉదయగిరి నుంచి అదొక్కటే పేరు. మాలకొండమ్మ రెండోసారి కొట్టినవి ఇరవై మూడు మాటలు, నాలుగు తప్పులు.

సారా టీచరు ఆయన బల్ల దగ్గరికి పోయి మాట్లాడింది. ల్యాబు మూడు వారాలు మూతపడిన సంగతి చెప్పింది, కొయ్య పలక సంగతి చెప్పింది. ఆయన అంతా విన్నాడు.

"కారణాలు అందరికీ ఉంటాయి టీచర్. ఇరవై ఐదంటే ఇరవై ఐదే. జూన్ రెండో శనివారం ఇంకో పరీక్ష ఉండాది. రమ్మనండి."

తిరుగు బస్సులో కరుణశ్రీ కిటికీ సీటు వదిలి లేచి నిలబడింది.

"ఏడవాలంటే ఈడ కూర్చో. గాలికి కళ్లల్లో దుమ్ము పడినాదని చెప్పొచ్చు."

"నాకేం ఏడుపు రాలా."

"నేను రావద్దులే అనుకున్నా అసలు. నీకు తోడని వచ్చినా."

"తెలుసు."

"కోపమా?"

"నీ మీద కాదు. జరుగు, నాకు చోటు లేదు." కొంతదూరం పోయాక మాలకొండమ్మే అంది: "మేలో ఆడికి పోయినాక రోజూ ఏమేం చేయించినారో నాకు చెప్పాల. ఒక్కటి గూడా వదలకుండా."

"చెప్పకపోతే బతకనిస్తావా?"

ఇంటికి చేరేసరికి రెండున్నర. శీనమ్మ కూతురి ముఖం చూసి అన్నం పెట్టింది. పెట్టి, మరుసటి రోజుకు రుద్దాల్సిన చెంచాల బుట్ట గడప పక్కకు తెచ్చింది. మస్తానయ్య ఉలి ఆపాడు.

"ఎన్ని కొట్టినావు?"

"ఇరవై మూడు."

"ఎన్ని కావాల?"

"ఇరవై ఐదు. జూన్‌లో మళ్లా ఉండాది." తల్లి వైపు తిరిగింది. "అమ్మా, అప్పుడు వస్తే?"

శీనమ్మ ఒక చెంచా తీసి రుద్దసాగింది. మళ్లీ అడగొద్దని తాను అన్నమాట ఇద్దరికీ గుర్తుంది. ఆ చెంచా పూర్తిచేసి పక్కన పెట్టి, "అప్పటిదాకా రోజుకు నలభై కాదు, యాభై," అంది.

మాలకొండమ్మ బుట్ట పక్కన కూర్చుంది. ఇరవై రుద్దాక లేవలేదు, ముప్ఫైకి లేచింది. లేచి గోడకున్న క్యాలెండరు దగ్గర నిలబడి నెలలు తిప్పుతూ, జూన్ రెండో శనివారం దాకా ఒక్కో గడి మీద వేలు కొట్టుకుంటూ లెక్కపెట్టింది. మొత్తం నూట పంతొమ్మిది రోజులు.